బ్రేకు పైపులో గాలి

మార్చి 9, 2009, సోమవారం

ఈ డైరీ స్పేర్‌పార్టుల షాపువాళ్లు జనవరిలో ఇచ్చారు. ఇన్నాళ్లూ ఖాళీగానే పడి ఉంది. ఈరోజు వచ్చిన బండికి ఏ రోజు ఏం విప్పానో, ఏం బిగించానో రాసుకోకపోతే నా వల్ల కాదు. అందుకే తెరిచాను.

బండి జపాన్‌ది. 2004లో తయారైన హైబ్రిడ్. పెట్రోలు ఇంజనూ ఉంది, కరెంటు మోటారూ ఉంది. పెందుర్తిలో ఇలాంటిది ఎవరూ చూసి ఉండరు. ఇరవై రెండేళ్లుగా ఈ పనిలో ఉన్న నేనే చూడలేదు. యజమాని జ్యోతిర్మయి గారు, కూర్మన్నపాలెంలో ఉంటారు, అరవై దాటి ఉంటాయి. భర్త భీమశంకరరావు గారు ఉక్కు పనిలో ఇంజనీరు. జపాన్‌లో ఎనిమిదేళ్లు చేసి, 2006లో తిరిగొస్తూ వాడుకున్న కారునే ఓడలో తెచ్చుకున్నారట. మరుసటేడాదే ఆయన పోయారు. అప్పటినుంచి ఆవిడే నడుపుకుంటున్నారు. వారానికి రెండుసార్లు ఎలమంచిలి వెళ్తారు. అక్కడ వాళ్లక్క నారాయణమ్మ గారు మంచం మీద ఉన్నారు.

పోయింది బ్రేకు యాక్చుయేటర్. మామూలు కారులో కాలితో తొక్కిన బలమే బ్రేకు ఆయిల్‌ని చక్రాల దాకా తోస్తుంది. ఇందులో కాలు తొక్కిన సంగతి కంప్యూటర్‌కి చేరుతుంది, అది ఈ యాక్చుయేటర్‌లో ఉన్న పంపుకి చెప్తుంది, ఆ పంపు ఆయిల్‌ని తోస్తుంది. మన దేశంలో అమ్మిన బండి కాదని మూడు షోరూములవాళ్లు ముట్టుకోలేదట. ఆవిడ జపాన్‌లోని స్నేహితురాలికి రాసి కొత్త యాక్చుయేటర్ తెప్పించుకున్నారు. అట్టపెట్టె నా చేతిలో పెట్టి బిగించగలరా అని అడిగారు. బిగిస్తానన్నాను.

తాళం తిప్పగానే కారులో ఒక ఆడగొంతు ఏదో చెప్తుంది. జపాన్ మాట. షెడ్డులో ఆడగొంతు వినబడి చాలా రోజులైంది.

మా ఆవిడ ఈశ్వరి వాళ్లన్న దగ్గరికి వెళ్లి ఎనిమిది నెలలు.

మార్చి 11

పాతది ఊడింది. పైపులన్నిటికీ గుడ్డపీలికలు కట్టి నంబర్లు వేశాను. అన్నం వండుకోలేదు.

మార్చి 14, శనివారం

కొత్త యాక్చుయేటర్ బిగించాను. పైపులన్నీ కలిపాను. ఎక్కడా చెమ్మ లేదు.

ఇక గాలి తియ్యాలి. పైపులు విప్పితే లోపలికి గాలి పోతుంది. ఆయిల్ అణగదు, గాలి అణిగిపోతుంది. గాలి ఉన్నంతసేపూ పెడల్ మెత్తగా దిగిపోతుంది, చక్రం ఆగదు. తియ్యాలంటే ఇద్దరుండాలి. ఒకరు సీట్లో కూర్చుని తొక్కి పట్టుకోవాలి, ఒకరు చక్రం దగ్గర నిపిల్ వదులు చేసి గాలి పోనిచ్చి మళ్లీ బిగించాలి. పదిహేనేళ్లు ఆ సీట్లో ఈశ్వరే కూర్చుంది. తొక్కు, పట్టు అని అరవక్కర్లేదు. స్పానర్‌తో చక్రం మీద ఒకసారి కొడితే తొక్కేది, రెండుసార్లు కొడితే వదిలేది. కాయగూరలు తరుగుతూ కూడా వచ్చి కూర్చునేది.

వాళ్లన్న పైడయ్య బావ బండి సంగతి మళ్లీ గుర్తొచ్చింది. నేనిచ్చినప్పుడు బ్రేకు బాగానే ఉంది. బావకి దిగుడులో డీజిల్ మిగులుతుందని న్యూట్రల్ వేసే అలవాటుంది. హనుమంతవాక దిగుడులో అదే చేసి ఉంటాడు. దానికి నేనేం చేస్తాను?

మార్చి 16

సీటుకీ పెడల్‌కీ మధ్య కర్ర పెట్టి ఒక్కణ్నే తీశాను. ముందు చక్రాలు వచ్చేశాయి. వెనక చక్రాల నుంచి ఆయిల్ సరిగా రావడం లేదు. వాటికి లోపలి పంపు తిరగాలనుకుంటాను. పంపుకి కంప్యూటర్ చెప్పాలి. నా దగ్గర అలాంటి కంప్యూటర్ లేదు.

మార్చి 17, మంగళవారం

జ్యోతిర్మయి గారు ఫోన్ చేశారు. అక్కగారికి ఊపిరి కష్టంగా ఉందట. బండి ఎప్పటికవుతుందని అడిగారు. గురువారం అన్నాను. ఎందుకన్నానో తెలియదు.

మార్చి 18

బ్యాటరీ విప్పి మళ్లీ పెడితే డాష్‌బోర్డు మీద పసుపు లైటు ఆరింది. కాలనీలో నాలుగు చుట్లు తిప్పాను. బ్రేకు బాగానే ఉంది. ఆఖర్లో కొంచెం మెత్తగా ఉంది. వాడుకలో అదే సర్దుకుంటుంది. కొత్త బండి కదా, నాకే అలవాటు లేక అలా అనిపించి ఉంటుంది.

ఆవిడకి ఫోన్ చేసి బాగుంది, వచ్చి తీసుకెళ్లండి అని చెప్పాను.

మార్చి 19, గురువారం

ఆవిడ పదింటికే వచ్చారు. చేతిలో పెద్ద సంచి, అందులో అక్కగారికి దుప్పటి, మందులు, ఫ్లాస్కు. ఇక్కణ్నుంచే ఎలమంచిలి వెళ్లిపోతానన్నారు. నేషనల్ హైవే, అంతా లారీలు. సీట్లో కూర్చుని తాళం తిప్పారు. ఆ ఆడగొంతు తన మాట తను చెప్పింది. ఆవిడ దానికి తల ఊపి, నా వైపు చూసి నవ్వి, అద్దం దించి, వెళ్లొస్తానన్నారు.

బండి గేటు దాకా కదిలింది. నేను వెనకే నడిచాను. గేటు దగ్గర ఆపడానికి ఆవిడ బ్రేకు తొక్కారు. ఆగాల్సిన చోటు కంటే రెండడుగులు ముందుకు పోయి ఆగింది. ఆవిడ గమనించలేదు. నేను గమనించాను.

నిన్న నాలుగు చుట్లలోనూ అదే చూశాను. స్పీడులో ఉన్నప్పుడు బ్రేకు తొక్కితే ఈ బండిని చాలావరకు కరెంటు మోటారే పట్టి ఆపుతుంది. అసలు బ్రేకు పట్టాల్సింది ఆ చివరి అడుగుల్లోనూ, గట్టిగా తొక్కినప్పుడూ. అక్కడే లేదు. నిన్న తెలిసే ఫోన్ చేశాను.

పరుగెత్తుకెళ్లి అద్దం దగ్గర నిలబడ్డాను.

"దిగిపోండి మేడమ్‌గారూ. బండి ఇవ్వలేను."

"నిన్న బాగుందన్నారు కదా నాగబాబు గారూ."

"నిన్న అబద్ధం సెప్పాను. వెనక పైపుల్లో గాలుండిపోయింది. తియ్యడం నాకు సేతకావట్లేదు."

ఆవిడ తాళం తిప్పి ఆపేశారు. తిడతారనుకున్నాను, తిట్టలేదు. దిగి, సంచి తీసుకుని, ఎలమంచిలికి బస్సు ఎక్కడెక్కాలి అని అడిగారు. అనకాపల్లి బస్సు ఎక్కించి, అక్కడ మారమని చెప్పి వచ్చాను. బస్సులో చోటు లేదు. ఆవిడ నిలబడే వెళ్లారు.

ఇప్పుడు రాస్తాను. ఎవరూ చదవరు కాబట్టి రాస్తాను.

పోయిన జూలైలో పైడయ్య బావ తన చేపల వ్యాను తెచ్చాడు. ఈశ్వరికి అన్న. భార్య పోయి నాలుగేళ్లు, పిల్లల్లేరు, ఆ వ్యానే ఆయనకి అన్నీ. హార్బర్‌లో తెల్లవారకముందే వేలం పాడి సరుకు ఎత్తుకుని, ఐసు కరిగేలోపు ఊళ్లకి చేర్చాలి. వెనక బ్రేకు వాషర్లు మార్చాను. ఆ పూట ఈశ్వరి రేషన్ షాపుకి వెళ్లింది. ఆమె వచ్చేదాకా ఆగొచ్చు. ఆగలేదు. కర్ర పెట్టి ఒక్కణ్నే గాలి తీశాను. తర్వాత కూర్చుని తొక్కి చూస్తే మొదటి తొక్కుకి పెడల్ మెత్తగా దిగింది. రెండో తొక్కుకి గట్టిపడింది. బండి వదిలి టీకి వెళ్లిన బావ అప్పుడే తిరిగొచ్చి వాచీ చూసుకుంటున్నాడు. అయిపోయిందా అని అడిగాడు. అయిపోయింది అన్నాను.

హనుమంతవాక దిగుడులో ఆగి ఉన్న లారీ కిందకి దూరింది. కుడికాలు మోకాలి కింద తీసేశారు.

పోలీసులు అడిగితే బండి బాగానే ఇచ్చాను, ఆయనకి న్యూట్రల్ వేసే అలవాటుంది అన్నాను. అది నిజమే, అలవాటుంది. ఆ రోజు వేశాడో లేదో నాకు తెలియదు.

మార్చి 20

బండి మీద గుడ్డ కప్పాను.

మార్చి 22, ఆదివారం

డాబాగార్డెన్స్‌లో ఉదయ్‌కుమార్‌ని కలిశాను. కార్ల కంప్యూటర్లు బాగుచేస్తాడు. ఇలాంటి బండికి ల్యాప్‌టాప్ తగిలించే కేబులూ సీడీ మద్రాసులో దొరకొచ్చన్నాడు. కనుక్కుంటానన్నాడు. పని పూర్తి చెయ్యలేకపోయావని ఎవరికీ చెప్పుకోకు, పేరు పోతుంది అని కూడా అన్నాడు. యజమానికి చెప్పేశానన్నాను.

మార్చి 27

ఉగాది. షెడ్డు మూసే ఉంచాను. ఎవరూ రాలేదు, ఎక్కడికీ వెళ్లలేదు.

మార్చి 31, మంగళవారం

కేబుల్ వచ్చింది. ఉదయ్‌కుమార్ పొద్దున్నే ల్యాప్‌టాప్‌తో వచ్చి స్టీరింగ్ కింద సాకెట్‌కి తగిలించాడు. స్క్రీన్ మీద అక్షరాలు వచ్చాయి. అన్నీ జపాన్ అక్షరాలే. బండి అక్కడిది కాబట్టి సీడీ కూడా అక్కడిదే దొరికిందట. తగిలించడం వరకే నా వంతు, చదవడం నా వల్ల కాదు అని నవ్వి, ల్యాప్‌టాప్ సాయంత్రం దాకా వాడుకోమని వదిలేసి వెళ్లిపోయాడు.

జ్యోతిర్మయి గారికి ఫోన్ చేశాను. మీకు జపాన్ చదవడం వచ్చునా అని అడిగాను. వస్తున్నానన్నారు. గంటన్నరలో ఆటోలో దిగారు.

పని మొదలుపెట్టే ముందు బ్యాటరీకి ఛార్జర్ తగిలించాను. ఈ పంపు బ్యాటరీని పీల్చేస్తుంది, మధ్యలో ఆగిపోతే మళ్లీ మొదటికొస్తుంది. ఆవిడ చెప్పులు తీసి పక్కన పెట్టి, చీర సర్దుకుని, డ్రైవింగ్ సీట్లో కూర్చున్నారు. ల్యాప్‌టాప్ పక్క సీటు మీద. కళ్లజోడు పెట్టుకుని ఒక్కో లైనూ చదివి నాకు తెలుగులో చెప్పడం, నేను సరే అన్నాక బటన్ నొక్కడం. ముందు కుడి, ముందు ఎడమ పాత పద్ధతిలోనే అయ్యాయి.

వెనక ఎడమ చక్రం దగ్గర పడుకున్నాను. నిపిల్‌కి తెల్ల ట్యూబు తొడిగి, రెండో కొస ఆయిల్ సీసాలో ముంచాను.

"పెడల్ తొక్కి వదలకుండా పట్టుకోమంటోంది" అన్నారు.

"పట్టుకోండి."

లోపల పంపు తిరగడం మొదలైంది. తేనెటీగలు మూగినట్టు చప్పుడు. నిపిల్ వదులు చేశాను. ట్యూబులో ఆవగింజలంత బుడగలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. తర్వాత గోలీ అంత బుడగ ఒకటి. అన్ని రోజులూ అది అక్కడే ఉంది. కర్ర పెట్టి వందసార్లు తొక్కినా రానిది.

మళ్లీ బిగించడం, సీసా నింపుకోవడం, మళ్లీ. కుడివైపు కూడా అంతే. నాలుగో విడతకి ట్యూబులో ఒట్టి ఆయిలే వచ్చింది. కొత్త యాక్చుయేటర్‌కి దాని లెక్కలు నేర్పడమని ఆఖర్న ఇంకో పని ఉందట, కాలు పెడల్ మీద పెట్టకుండా కూర్చోమంది కంప్యూటర్. ఆవిడ రెండు కాళ్లూ పైకెత్తి సీటు మీద మఠం వేసుక్కూర్చున్నారు. నాకు నవ్వొచ్చింది. ఆవిడకీ వచ్చింది.

టీ తాగుతూ ఉన్నప్పుడు అడిగాను, బండి తాళం తిప్పగానే ఆ ఆడమనిషి ఏమంటుందని.

"కార్డు పెట్టలేదు అంటుంది. అక్కడి టోల్‌గేటు కార్డు. ఇక్కడికొచ్చిన దగ్గర్నుంచి రోజూ అదే మాట."

దాన్ని తీసేయొచ్చు, రెండు వైర్లు విప్పితే చాలు అన్నాను.

"ఉండనివ్వండి. మా ఆయన పోయాక నాతో ఆ భాషలో మాట్లాడేది అదొక్కటే."

వెళ్లేటప్పుడు, ఆ రోజు ఆపడం చాలా కష్టమై ఉంటుంది అన్నారు. నేను అవునన్నాను. ఇంకేదో అనబోయి ఊరుకున్నాను. అలా ఒకసారి ఆపలేదండీ అని చెప్పడానికి ఆవిడెవరు? చెప్పాల్సినవాళ్లు వేరే ఉన్నారు.

ఏప్రిల్ 1, బుధవారం

సింహాచలం కొండకి నేనొక్కణ్నే ఎక్కించి, దిగుడులో ఏడు చోట్ల ఆపాను. ఆపాలనుకున్న చోటే ఆగింది. ఒకచోట వేగంగా వచ్చి గట్టిగా తొక్కాను, సీటు బెల్టు ఛాతీకి కోసుకుపోయింది. పెడల్ రాయిలా ఉంది.

మధ్యాహ్నం కూర్మన్నపాలెం తీసుకెళ్లి ఇచ్చాను. ఆవిడ వెంటనే ఎలమంచిలి బయల్దేరారు. బండి వీధి మలుపు దగ్గర ఆగి, ఎడమకి తిరిగి వెళ్లిపోయింది.

షెడ్డు ఖాళీ.

ఏప్రిల్ 5

ఆదివారం. హార్బర్‌కి వెళ్దామనుకున్నాను. ఎండ ఎక్కువగా ఉంది.

ఏప్రిల్ 8

జ్యోతిర్మయి గారు ఫోన్ చేశారు. అక్కగారు నిన్న పోయారట. ఆరు రోజులు పక్కనే ఉన్నానని, చేతుల్లోనే పోయారని చెప్పారు. బండి బాగుందని కూడా చెప్పారు. ఆ సమయంలో బండి మాట ఎందుకని అన్నాను. మీకు చెప్పాలనిపించింది అన్నారు.

ఏప్రిల్ 12

ఓట్ల జీపులు, మైకులు. ఇంత రద్దీలో వెళ్లి ఏం మాట్లాడతాం. వచ్చే ఆదివారం.

ఏప్రిల్ 19, ఆదివారం

వెళ్లాను.

చేపల వేట నిషేధం మొదలైంది. హార్బర్‌లో బోట్లన్నీ ఒకదానికొకటి ఆనుకుని కట్టేసి ఉన్నాయి. బావ ఇంటి ముందు పందిరి కింద కూర్చుని వల అల్లుతున్నాడు. ఇప్పుడు ఆయన పని అదే. కర్ర గోడకి ఆనించి ఉంది. ఈశ్వరి గుమ్మంలో చేపలు తోముతోంది. చిక్కిపోయింది. నన్ను చూసి లేవలేదు, చెయ్యి మాత్రం ఆగింది.

బావ ఎప్పటిలాగే రా బావా, కూకో అన్నాడు. తొమ్మిది నెలల్లో నేను వచ్చింది మూడుసార్లు. మూడుసార్లూ అలాగే అన్నాడు. అదే నాకు కష్టం. కూర్చోలేదు. నిలబడే చెప్పాను.

"బావా, ఆ రోజు బ్రేకులో గాలుండిపోయింది. నాను ఒక్కణ్నే తీశాను. మొదటి తొక్కుకి పెడల్ దిగిపోయింది. తెలిసే నీకు బండిచ్చేశాను."

బావ చేతిలో వల సూది ఆగిపోయింది. నన్ను చూస్తాడనుకున్నాను. ఆయన ఈశ్వరి వైపు చూశాడు.

"నువ్వే తొక్కానన్నావు గదే. గట్టిగా ఉన్నాదన్నావు."

నాకు అర్థం కాలేదు. ఈశ్వరి తల వంచుకునే ఉంది.

"అన్నాను."

"ఎందుకన్నావు?"

"అప్పటికి నీ కాలు తీసేశారు. ఈడ్ని పోలీసులు తిప్పుతన్నారు. ఏటి సెయ్యమంటావ్ అన్నా."

అప్పుడు తెలిసింది నాకు. ఆసుపత్రిలో కళ్లు తెరవగానే బావ అడిగిన మొదటి మాట అదేనట, బ్రేకు మెత్తగా తగిలింది, మీరు సరిగా చూశారా అని. నేనే తొక్కాను, రాయిలా ఉంది అని ఈశ్వరి చెప్పిందట. రేషన్ షాపులో ఉన్న మనిషి. నాతో ఒక్క మాట అనలేదు. గుడ్డలు సర్దుకుని అన్న దగ్గరికి వచ్చేసింది. అన్నకి సేవ చెయ్యడానికి వెళ్లిందని ఇన్నాళ్లూ అందరితో చెప్పాను. నేనూ అదే అనుకున్నాను.

బావ నెమ్మదిగా, ఎవరితోనూ కానట్టు అన్నాడు.

"న్యూట్రల్లో దించీసేనేమోనని రోజూ అనుకుంటన్నాను. ఆ పూట గేరు ఎక్కడున్నాదో గుర్తు సేసుకుందామని సూత్తన్నాను, గుర్తుకి రాదు. నా కాలు నానే తీసీసుకున్నాననుకున్నాను. తొమ్మిది నెల్లు."

వల పక్కకి తోశాడు.

"ఇద్దరూ ఎలిపోండి."

ఈశ్వరి చేతులు కడుక్కుంది. చేపల గిన్నె మీద మూత పెట్టింది, పొయ్యి ఆర్పింది, కర్ర తీసి ఆయన చేతికందేలా దగ్గర పెట్టింది. లోపలికెళ్లి సంచితో వచ్చింది. ఆయన సముద్రం వైపు తిరిగి కూర్చున్నాడు.

పాత పోస్టాఫీసు దగ్గర బస్సెక్కాం. పెందుర్తికి రెండు టికెట్లు అడిగాను. రెండు అన్నప్పుడు సంతోషమనిపించింది, దానికి సిగ్గుపడ్డాను. అన్నాచెల్లెళ్లని విడదీసి తెచ్చుకుంటున్నాను. ఆమె కిటికీ వైపు కూర్చుంది. గోపాలపట్నం దాటాక ఒకే మాట అంది.

"అన్నకి సెప్పడానికి తొమ్మిది నెల్లు పట్టింది నీకు. నాకు సెప్పడం ఇప్పటికీ తోచలేదు."

నిజమే. ఆమెకి తెలిసి ఉంటుందని కూడా నాకు ఏనాడూ తోచలేదు.

ఏప్రిల్ 20

తెల్లారేసరికి వంట చేసి, గిన్నె గుడ్డలో కట్టుకుని మొదటి బస్సుకి హార్బర్ వెళ్లిపోయింది. బావ తలుపు తియ్యలేదట. గుమ్మంలో పెట్టి వచ్చేసింది. రాత్రికి రెండో గదిలో చాప వేసుకుంది.

ఏప్రిల్ 21

మళ్లీ వెళ్లింది. నిన్నటి గిన్నె పెట్టినచోటే ఉందట, చీమలు పట్టి.

ఏప్రిల్ 22

వెళ్లింది.

ఏప్రిల్ 23

ఒక వ్యాను వచ్చింది, ముందు బ్రేకులు. పని అయ్యాక గాలి తియ్యాలి. ఈశ్వరి ఇంకా హార్బర్ నుంచి రాలేదు. వ్యానువాడు తొందరపడ్డాడు. మా ఆవిడ వచ్చేదాకా కూర్చోవాలి, లేకపోతే నువ్వే ఎక్కి తొక్కు అన్నాను. గొణుక్కుంటూ ఎక్కి తొక్కాడు. పెడల్ గట్టిపడేదాకా బండి వదల్లేదు.

ఏప్రిల్ 24, శుక్రవారం

మధ్యాహ్నం తిరిగొచ్చింది. గుడ్డ విప్పి గిన్నె గట్టు మీద పెట్టింది. ఖాళీగా ఉంది. కడిగి ఉంది. తనే కడిగి తెచ్చిందేమో అనుకున్నాను.

"అన్న కడిగాడు. తలుపు తియ్యలేదు. గుమ్మంలో బోర్లించి ఉంచాడు."

ఆ పేటలో కొళాయి వీధి చివర ఉంది. అరవై, డెబ్బై అడుగులు. ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో గిన్నె.

ఇద్దరం దాన్ని చూస్తూ నిలబడ్డాం. రేపు నేను పట్టుకెళ్లనా అని అడిగాను.

"ఇప్పుడే వద్దు" అంది.